ఆలస్యంగా వచ్చే అన్నగారి కోసం

మదురైలో ముందు అమ్మవారిని సేవించి, ఆ తరువాతే సుందరేశ్వరుని సన్నిధికి వెళ్లడం ఆచారం. మా అమ్మకు ఈ వరుస ఎంతగానో నచ్చింది. తమిళుల చైత్రమాసపు చిత్తిరై ఉత్సవాలకని మేము చేరేసరికి మీనాక్షీ కల్యాణం ముందురోజే జరిగిపోయింది. ఆ ముహూర్తానికే కొత్త పసుపుతాళ్లు మార్చుకున్న ముత్తైదువులు గుడి చుట్టూ ఉన్న మాసి వీధుల్లో రథం కోసం ఎదురుచూస్తున్నారు. కల్యాణం తప్పిపోయిందని అమ్మ నొచ్చుకుంటే, పక్కనున్న పూలమ్మే పెద్దావిడ తమిళ యాస కలిసిన తెలుగులో, "బాధపడకమ్మా, పెండ్లికూతురి అన్నకే అందలేదు" అని ఓదార్చింది.

ఆ అన్నగారు అళగరు, అంటే మనం సుందరరాజస్వామి అనుకునే విష్ణుమూర్తి. మదురైకి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని అళగర్ కొండ నుంచి చెల్లెలి పెండ్లికి బయలుదేరిన ఆయన వైగై నది చేరేసరికే పెండ్లి అయిపోయిందని తెలిసి, అలిగి ఊళ్లోకి రాకుండా వండియూరు వైపు మళ్లిపోయాడని జనం చెప్పుకుంటారు. స్థలపురాణం మాత్రం ఆయన మండూక మహర్షికి శాపవిమోచనం కలిగించడానికే వస్తాడంటుంది. నాకు అలిగిన అన్న కథే దగ్గరగా తోచింది.

తమిళుల మాసి మాసంలో జరిగే శైవుల మీనాక్షీ కల్యాణాన్ని చైత్రానికి మార్చి, అళగరు ఏట్లో దిగే వైష్ణవుల ఉత్సవంతో జతచేసినవాడు 1623 నుంచి 1659 వరకు మదురైని పాలించిన తిరుమల నాయకుడని అక్కడివారు చెబుతారు. గుడికి తూర్పున ఆయనే కట్టించిన పుదుమండపంలో నాయక రాజుల శిల్పాలున్నాయి. తెలుగు మాట్లాడిన రాజు తమిళుల పండుగను ఇలా కూర్చాడన్న సంగతి, ఆ పూలమ్మి మాట విన్న తరువాత, నాకు చరిత్ర పాఠంలా అనిపించలేదు.

పున్నమికి ముందురాత్రి తల్లాకుళంలో, అళగరుకు జనం ఎదురేగి స్వాగతం పలికే ఎదురుసేవ చూశాము. శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చిన ఆండాళ్ మాలను స్వామి ధరించేది అక్కడే. తెల్లవారకముందే ఏటి ఒడ్డుకు చేరుకుంటే నిలబడడానికి చోటు దొరకడమే గగనమైంది. ఎండాకాలంలో ఇసుక తేలే వైగైలోకి ఈ ఉత్సవం కోసం ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతారు గనుక, మోకాలి లోతు పారుతున్న ఆ నీటిలోనే జనం రాత్రంతా గడిపారు. స్వామి ఏ రంగు పట్టు కట్టుకుని ఏట్లో దిగుతాడన్నదే అందరి నోటా ప్రశ్న. పచ్చపట్టు కడితే ఆ ఏడు పంటలు బాగుంటాయట.

స్వామి ఎక్కిన బంగారు గుర్రం కనబడగానే తోలుతిత్తులు నడుముకు కట్టుకున్నవాళ్లు నాలుగు వైపుల నుంచీ నీళ్లు చిమ్మారు. తడిసిన కళ్లద్దాలు తుడుచుకునేలోగా గుర్రం నీటిలో దిగింది. నాకు కనిపించిందల్లా ఊగుతున్న గొడుగు, దాని కింద పచ్చని అంచు. అమ్మ నాకన్నా పొట్టి, ఆమెకు అదీ కనబడలేదు.

"పచ్చదేనా?" అని అడిగింది. అవునన్నాను. తడి కొంగుతోనే చేతులు జోడించింది.