చలాన్ వీధిలో చలానా

బుడాపెస్ట్‌లో నది, వంతెనల గురించి అందరూ రాసేశారు. నేను వెళ్లింది హంగరీ స్వరకర్త బార్తోక్ ఇల్లు చూడడానికి. 5వ నంబరు బస్సెక్కాను. టికెట్టు కొన్నాను గానీ దాన్ని లోపలున్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలని తట్టలేదు. తనిఖీ చేసేవాడు జరిమానా రాసి చేతిలో పెట్టాడు. వెళ్లాల్సిన వీధి పేరు చలాన్. వాళ్ల భాషలో దురదగొండి అట. రెండర్థాలూ నాకే తగిలాయి.

బస్సు దిగాక అంతా ఎగుడే. ఒగర్చుకుంటూ చేరాను. 1932 నుంచి, అమెరికా వెళ్లిపోయిన 1940 దాకా ఆయన ఉన్న ఇల్లు అది. పల్లెల్లో పాటలు పట్టుకోవడానికి ఆయన వాడిన ఫోనోగ్రాఫ్ గురించి చదివినవన్నీ అక్కడే గుర్తుకొచ్చాయి. ముసలమ్మ బూర ముందు పాడితే సూది మైనంలో గీత గీస్తుంది. స్వరాలు రాసుకోవడానికి మళ్లీ వింటే అదే గీత కొంచెం అరుగుతుంది. వినడమంటే అరగదీయడమే!

అసలు వాళ్లచేత పాడించడమే పెద్ద పని. పాత పాట పాడమంటే భక్తి పాట అందుకునే ఆడవాళ్ల గురించి 1907లో ఒక ఉత్తరంలో ఆయన సరదాగా వాపోయాడు. మా నాయనమ్మా అంతే. నాట్ల పాట పాడమంటే సిగ్గుపడి సినిమా పాట ఎత్తుకునేది.

సాయంత్రం కచేరీకి వెళ్లాను. కోటు దాచినందుకు వేరే రుసుము. నేను ఎదురుచూసిన బార్తోక్ స్వరరచన, రొమేనియన్ జానపద నృత్యాలు ఆరూ కలిపి ఏడు నిమిషాల్లోపే అయిపోయాయి. 1915లో పియానోకు రాసి, 1917లో వాద్యబృందానికి మార్చినవి. ఇంత దూరం వచ్చింది దీనికా అని మొదట ఉడుక్కున్నాను. కానీ మూడోది! తీగవాద్యాలు శ్రుతి పట్టినట్టు కదలకుండా నిలబడ్డాయి. వాటి మీద పిక్కోలో అనే చిన్న వేణువు ఒక్కటే, ఇరుకు సందులో దారి వెతుక్కుంటున్నట్టు తిరిగింది. నా చెవికి సింహేంద్రమధ్యమం రాగం ఛాయ తగిలింది. ఆ బాణీని బార్తోక్ ఒక పల్లెలో పిల్లనగ్రోవి మీద విన్నాడు. ఇంతమంది వాద్యగాళ్లను పెట్టుకుని కూడా ఆ ఒక్క ఊపిరికి ఎవరినీ అడ్డు రానివ్వలేదు.

తర్వాత ఏదో పొడవాటి సింఫనీ. సగంలో లేచొచ్చేశాను. తిరుగు బస్సులో ఆ బాణీనే కూనిరాగం తీస్తూ టికెట్టుకు ముద్ర వేయించాను, రెండుసార్లు.