యముడి గది ముందు నడవా: క్యాసిల్‌వేనియా మళ్లీ ఆడిన నా అనుభవం

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక యముడు చచ్చాడు. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చి మందుల షాపు తెరిచాను. ఆదివారం కాబట్టి గిరాకీ తక్కువ. ఆ వేడి చల్లారకముందే మొత్తం రాసేస్తున్నాను.

ఇదొక వీడియో గేమ్, పేరు క్యాసిల్‌వేనియా. జపాన్ కంపెనీ కొనామి 1986లో తెచ్చిన మొదటి భాగం. సైమన్ బెల్మాంట్ అనేవాడు కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలోకి వెళ్తాడు, అంతే కథ. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తొంభైల్లో పెరిగినవాళ్లకి ఈ పేరు తెలియకపోవచ్చు. టీవీ గేములో పసుపు క్యాసెట్ పెట్టి గంటకింత అని ఆడించిన రోజుల్లో 'కొరడా ఆట' అంటే మాత్రం ఠక్కున గుర్తుపడతారు. తెర మీద కోట గేటు కనిపించగానే మాకు రాజావారి కోటే గుర్తొచ్చేది. డ్రాక్యులాకి ముందు వచ్చేవాడు, కొడవళ్లు విసిరే అస్థిపంజరం, అసలు పేరు డెత్. మా వీధిలో అందరికీ వాడు యముడే. వాణ్ని దాటినవాణ్ని అప్పట్లో నేను కళ్లారా చూడలేదు. దాటామని చెప్పుకున్నవాళ్లు మాత్రం వీధికి నలుగురు.

ఈసారి సిరీస్‌ని మొదటి నుంచి ఆడాలని కూర్చున్నాను. 2019లో కొనామి పాత ఆటలు ఎనిమిదింటిని కలిపి యానివర్సరీ కలెక్షన్ అని అమ్మకానికి పెట్టింది. డిస్కౌంట్ ఉన్నప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో యూపీఐతో కొన్నాను. టీ తాగినంత సేపట్లో అయిపోయింది.

కంట్రోలర్ తెప్పించుకోవడం మాత్రం అంత సులువుగా కాలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా మెయిన్ రోడ్డు మీద షాపులోనే ఉంటాను, బోర్డు అల్లంత దూరానికి కనిపిస్తుంది. అయినా 'అడ్రస్ దొరకలేదు' అని మెసేజ్ పెట్టి సరుకు వెనక్కి పంపేశారు కొరియర్ వాళ్లు. ఫోన్ చేస్తే బరంపురం ఆఫీసుని అడగమంటారు, అక్కడ ఎవరూ ఎత్తరు. చివరికి పాతపట్నంలో మా చెల్లెలి ఇంటి అడ్రస్ ఇస్తే వెంటనే వచ్చేసింది. మధ్యలో పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేవు. సరిహద్దుకి ఇటువైపు ఉన్నవాళ్లం డబ్బు కట్టడం లేదా? నాలా ఇటువైపు ఉండేవాళ్లు ఆంధ్రాలో ఒక చుట్టాన్ని సిద్ధంగా పెట్టుకోండి.

కంట్రోలర్ గురించి ఒక్క మాట. ఈ ఆటకి బొటనవేలితో తిప్పే కర్ర వాడొద్దు, ప్లస్ గుర్తు బటనే వాడండి. పైకి నొక్కి కొరడా బటన్ కొడితే సైమన్ చేతిలో ఉన్న ఆయుధం విసురుతాడు. కర్ర కాస్త పైకి వాలినా చాలు, కొరడా తిరగాల్సిన చోట ఆయుధం పోతుంది, హార్ట్‌లు ఖర్చవుతాయి. ఇందులో హార్ట్ అంటే ప్రాణం కాదు, ఆయుధాలు విసరడానికి ఖర్చయ్యేది.

మొత్తం 18 స్టేజీలు, మూడేసి చొప్పున ఆరు భాగాలు. గబ్బిలం, పాముల జుట్టున్న మెడూసా, మమ్మీలు, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, ఈ నలుగురి దగ్గరా పెద్దగా ఇబ్బంది పడలేదు. భూతంతో పాటు గెంతే ఇగోర్ కాస్త విసిగించాడు, అంతే.

ఐదో భాగంలోకి వచ్చాక బటన్ నొక్కడానికీ కొరడా కదలడానికీ మధ్య ఏదో తేడా ఉందని అనుమానం వచ్చింది. ముందు భాగాల్లో ఆ తేడాతోనే నెట్టుకొచ్చాను, ఇక్కడ కుదరడం లేదు. టీవీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి అడిగాను. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు నలుగురి ముందు నవ్వి, "పిల్లల ఆటకి ఇంత హడావిడేంటి సార్, టీవీ బాగానే ఉంది, మీరే నెమ్మదిగా నొక్కుతున్నారేమో" అన్నాడు. పక్కన నిలబడ్డాయన కూడా నవ్వాడు. నా షాపుకి ఎవరైనా వచ్చి ఈ మాత్ర పనిచేయడం లేదంటే నేను నవ్వుతానా? ఏ పూట వేసుకున్నారు, దేంతో వేసుకున్నారు అని అడుగుతాను. అడిగినవాడి వయసు చూసి ప్రశ్నకి విలువ కట్టేవాడు కౌంటర్‌లో కూర్చోకూడదు.

ఇంటికొచ్చి సెట్టింగులన్నీ వెతికితే గేమ్ మోడ్ అని ఒకటి దొరికింది. ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మకి మెరుగులు దిద్ది అప్పుడు చూపిస్తాయి. సినిమాకి ఆ ఆలస్యం తెలియదు, ఆటకి తెలుస్తుంది. గేమ్ మోడ్ పెడితే ఆ మెరుగులు చాలావరకు ఆపేస్తుంది. పెట్టిన మరుక్షణమే కొరడా నా వేలి కిందకి వచ్చింది. ఆ కుర్రాడు చెప్పాల్సింది ఈ ఒక్క ముక్క.

ఇక 15వ స్టేజీ. యముడి గదికి ముందు ఒక నడవా ఉంటుంది. చూడ్డానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఒంటి నిండా కవచం తొడుక్కున్నవాళ్లు ఎదురుగా నిలబడి గొడ్డళ్లు విసురుతారు. గొడ్డలి ఒకసారి తల ఎత్తున వస్తుంది, ఒకసారి కాళ్ల దగ్గరగా వస్తుంది. తప్పించుకున్నాం అనుకుంటే అదే తిరిగి విసిరినవాడి చేతికి వెళ్తుంది. ఇది చాలదన్నట్టు మెడూసా తలలు గాల్లో అలలా పైకీ కిందికీ ఊగుతూ వస్తూనే ఉంటాయి. ఒకదాన్ని కొడితే ఇంకొకటి. వాటికి అంతు లేదు.

సైమన్ ప్రాణం 16 గీతలు. మొదట్లో దెబ్బకి రెండు గీతలు పోతాయి, ఇక్కడికొచ్చేసరికి నాలుగు. అంటే నాలుగు దెబ్బలకి చావే. ఎగిరాక గాల్లో దిశ మార్చుకోలేడు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరి పడతాడు, పడ్డ చోటికి ఇంకో తల సిద్ధంగా వస్తుంది. చచ్చి లేస్తే గొలుసు కొరడా పోయి మళ్లీ తోలు కొరడా, చేతిలో ఆయుధం ఉండదు, హార్ట్‌లు ఐదు. ప్రాణాలన్నీ అయిపోతే 13వ స్టేజీ నుంచి మళ్లీ రావాలి. నన్ను రోజుల తరబడి కూర్చోబెట్టింది ఈ నడవాయే. చూస్తే తెర మీద నాలుగు అడుగుల దారి, అడుగు ముందుకి వేస్తే రెండు అడుగులు వెనక్కి. మా ఆవిడ పడుకోమని కేకేసేది, సరే అని దీపం ఆర్పి చీకట్లో ఆడేవాణ్ని. మధ్యలో కరెంటు పోతే ఒళ్లు మండేది. తర్వాత టీవీకి కూడా ఇన్వర్టర్ లైను వేయించాను.

నాకు పనిచేసిన పద్ధతి ఇది. తలని చూసి కొట్టకూడదు, అది ఏ ఎత్తుకి రాబోతోందో చూసి కొట్టాలి. సైమన్ చేయి వెనక్కి వెళ్లి ముందుకి రావడానికి రెప్పపాటు పడుతుంది. అందుకే తల ఛాతీ ఎత్తుకి దిగుతుండగానే బటన్ నొక్కాలి, దిగాక నొక్కితే అయిపోయింది. కవచంవాడి మీదకి తోసుకుపోకూడదు. వాడు ముందుకొచ్చేదాకా ఆగి, పాదాల దగ్గర హోలీ వాటర్ అనే పవిత్ర జలం సీసా పడేస్తే మంటలో బిగుసుకుపోతాడు. అప్పుడు కొరడా. ఆ హోలీ వాటర్ వెనకనుంచే తెచ్చుకోవాలి. దాంతో పాటు రెండు, మూడు అంకెలున్న గుర్తులు దొరికితే వదలొద్దు, ఒకేసారి మూడు సీసాలు విసరొచ్చు. దారిలో కొవ్వొత్తి కొట్టినప్పుడు ఇంకో ఆయుధం రాలితే దాన్ని తాకొద్దు, తాకితే చేతిలోది పోయినట్టే.

ఆదివారాలు పాతపట్నం నుంచి మేనల్లుడు వస్తాడు. వాడికి నా పంతం నచ్చలేదు. "మావయ్యా, తలుపు దాకా వెళ్లి సేవ్ చేసేయ్. చస్తే మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు కదా" అన్నాడు. నిజమే, ఈ కలెక్షన్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకునే వీలుంది. "అలాగైతే నడవా నేర్చుకునేదెవర్రా?" అన్నాను. వాడు వినలేదు, నేనూ వినలేదు.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. ఇదే సిరీస్‌లో 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చిన సింఫనీ ఆఫ్ ది నైట్ అంటే నాకు ప్రాణం. బరంపురంలో చదివే రోజుల్లో సీడీ తెచ్చుకుని ఆడాను. కోట మొత్తం తలకిందులై రెండో కోటగా తెరుచుకున్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మిచిరు యమానే సంగీతం ఇప్పటికీ ఫోన్లో ఉంది. అందులో హీరో అలుకార్డ్ లెవెల్స్ పెరుగుతాడు. ఎక్కడైనా ఇరుక్కుంటే నాలుగు భూతాల్ని చంపుకుని, బలం పెంచుకుని మళ్లీ రావచ్చు. 1986 ఆటలో అలా కుదరదు. కొరడా, చేతిలోని ఆయుధం తప్ప సైమన్ మొదటి స్టేజీలో ఎలా ఉన్నాడో 15వ స్టేజీలోనూ అలాగే ఉంటాడు. మారాల్సింది ఆడేవాడే. సేవ్ చేసుకుంటూ దాటితే కోట దాటుతాం గానీ చేయి మారదు. కొత్తగా ఆడే పిల్లలందరికీ ఇదే చెబుతాను: ముందు ఒక్కసారైనా సేవ్ లేకుండా ఆడండి.

నిన్న రాత్రి నడవాలో ఒకే ఒక్క దెబ్బ తిన్నాను. 12 గీతలు, హోలీ వాటర్, మూడంకె గుర్తుతో తలుపు దాటాను. యముడు దిగిరాగానే సీసాలు కిందకి వదిలాను. వాడు మంటలో ఆగిపోయాడు. మంట ఆరేలోపు ఇంకో విసురు, దాని వెనకే ఇంకొకటి. వాడి గీతలు తగ్గిపోతుంటే నేను ఊపిరి కూడా తీసుకోలేదు. గాజు గోళం పడింది, అందుకున్నాను. సేవ్ ఒక్కసారి కూడా వాడలేదు. మా ఊళ్లో ఆ రోజుల్లో దాటామని చెప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఎవరొచ్చినా సరే, నా ముందు ఆడి చూపించమంటాను.

ఎలాగూ నిద్ర రాలేదని డ్రాక్యులా పని కూడా పట్టాను. మొదటి రూపానికి తల మీద తప్ప ఎక్కడ కొట్టినా లాభం లేదు. మూడు నిప్పు ముద్దలు విసురుతాడు, ఎగిరి దాటుతూనే తల మీద కొట్టాలి. రెండో రూపాన్నీ హోలీ వాటరే కట్టిపడేసింది. తెల్లవారుజామున ఆట తయారుచేసినవాళ్ల పేర్లు వచ్చాయి. వాటిలో ఒకటి చూసి బాధేసింది. ఇంత మంచి సంగీతం చేసినవాళ్లలో ముఖ్యురాలు కినుయో యమాషితా, అప్పుడే చదువు ముగించి ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఆ స్థానంలో తెర మీద వచ్చేది 'జేమ్స్ బనానా' అనే ఉత్తుత్తి పేరు. పాత భూతాల సినిమావాళ్ల పేర్లకి పేరడీలు కట్టి అన్నీ అలాగే వేశారు. పనిచేసినవాళ్ల పేరు వేయడానికి ఏం పోయింది? అంతమంది ఆ పాట విని పెరిగాం.

రెండో భాగం, 1987 నాటి సైమన్స్ క్వెస్ట్, ఇదివరకు ఆడాను కాబట్టి దాటేస్తున్నాను. కొండ అంచున ఎర్ర స్ఫటికం చేతబట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటే సుడిగాలి వచ్చి తీసుకుపోతుందట. ఇది ఎవరికి తోస్తుంది? ఊళ్లో జనం ఇచ్చే ఆనవాళ్లు ఇంగ్లీషులోకి వచ్చేసరికి మరీ అర్థం లేకుండా పోయాయి. దానికి మాత్రం సిగ్గుపడకుండా గైడ్ పెట్టుకోండి, తప్పు ఆటదే.

మూడోది 1989 నాటి డ్రాక్యులాస్ కర్స్. ఈ కలెక్షన్‌లో జపాన్ వెర్షన్ కూడా ఉంది, అదే ఆడండి. ఆ క్యాసెట్‌లో శబ్దం కోసం వేరే చిప్ పెట్టారు, సంగీతం ఎంత నిండుగా ఉంటుందో వింటే తెలుస్తుంది. ఇందులో హీరో సైమన్ పూర్వీకుడు ట్రెవర్ బెల్మాంట్, అతని వెంట ఇంకొకరు రావచ్చు, ఒకసారికి ఒక్కరే. గ్రాంట్ గోడలూ కప్పులూ పాకుతాడు. సైఫా మంటా మంచూ విసిరే మంత్రగత్తె. నేను గ్రాంట్ అంటున్నాను, మేనల్లుడు సైఫా అంటున్నాడు. సాయంత్రం బండి మీద వస్తానని ఇప్పుడే ఫోన్ చేశాడు, కంట్రోలర్ ఛార్జింగ్‌లో పెట్టాను.