అమ్మ గొంతు

నిన్న పటమటలో పెద్దమనుషుల ముందు మా బంధువు ఒకాయన ఫోన్ తీసి పెట్టాడు. అందులోంచి అమ్మ గొంతు. వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ, పొలం వాటా గురించి మనసు విప్పి చెప్పుకున్న మాటలు. వెనక ఆవాలు చిటపటలాడటం కూడా వినపడుతోంది. అమ్మ తలెత్తలేదు.

తెలిసిన లాయరు గారిని అడిగాను. మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు రికార్డు చేస్తే నేరమని నేరుగా చెప్పే చట్టం మనకి లేదట. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో చెప్పిన సుప్రీంకోర్టే, భార్యాభర్తల్లో ఒకరు చాటుగా చేసిన రికార్డింగు విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో తీర్పిచ్చింది. చట్టం ఏం చెప్పినా నాకిది తప్పే.

"వాడికి అన్నం వడ్డించబోతూ చెప్పుకున్నాన్రా ఆ మాటలు." ఆటోలో ఇంటికొచ్చేదాకా అమ్మ అన్నది ఇదొక్కటే.