ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా

2022 సెప్టెంబర్ మొదటి వారాంతానికి లేబర్ డే సెలవు కలిసి రావడంతో, షికాగో శివారులోని నేపర్‌విల్ నుంచి నేను, నా భార్య, పదకొండేళ్ల మా అబ్బాయి కారులో సెయింట్ లూయిస్‌కు బయలుదేరాము. దూరం దాదాపు 300 మైళ్లు. 55వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారికి రెండు వైపులా కోతకు సిద్ధమవుతున్న మొక్కజొన్న, సోయా చేలు తప్ప చూడదగినదేమీ లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అబ్రహాం లింకన్ సమాధి ఉన్నా, ఈసారి అక్కడ ఆగుదామన్న ఆలోచన నాకు కలగలేదు. బేస్‌బాల్ ఆటగాడు ఆల్బర్ట్ పుహోల్స్ ఆటను ఆయన మొదటి జట్టు ఊరిలో, ఆయన చివరి సంవత్సరంలో, ఒక్కసారైనా కళ్లారా చూడాలన్న కోరికతోనే నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

అమెరికాలో నా మొదటి ఊరు కూడా ఆ పక్కనే ఉంది. గుంటూరు నుంచి 2004 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి మిస్సోరీ రాష్ట్రంలోని రోలాకు వచ్చాను. సెయింట్ లూయిస్ అక్కడికి సుమారు 100 మైళ్లు. క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని నాకు బేస్‌బాల్ నేర్పినది మా పక్క వాటాలో ఉండిన ఒక ముసలాయన. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని రేడియోలో సెయింట్ లూయిస్ జట్టు కార్డినల్స్ ఆట వింటూ, చేతిలోని స్కోరు కాగితం మీద ఏ గుర్తుకు ఏమి అర్థమో ఓపికగా చెప్పేవారు. ఆ సంవత్సరం ఆ జట్టు 105 ఆటలు గెలిచి, ఏడాది చివరి ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్‌లో మాత్రం బోస్టన్ చేతిలో వరుసగా నాలుగు ఆటలు ఓడిపోయింది. మరుసటి ఏడాది అక్టోబర్ 17న హ్యూస్టన్‌లో, ఇంకొక్క అవుట్ పడితే కార్డినల్స్ కథ ముగిసిపోయే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, బ్రాడ్ లిడ్జ్ వేసిన బంతిని పుహోల్స్ కంచె అవతలికి, మూడు పరుగుల హోమ్ రన్‌గా కొట్టినప్పుడు, పక్క వాటాలోంచి ఆ పెద్దమనిషి వేసిన కేక నాకు ఇప్పటికీ గుర్తుంది.

శాంటో డొమింగోలో పుట్టి, పదహారేళ్ల వయసులో అమెరికా వచ్చిన పుహోల్స్‌ను 1999లో ఆటగాళ్ల ఎంపికలో 13వ రౌండు దాకా ఎవరూ అడగలేదు. 401 మంది తరువాత ఆయన పేరు పిలిచినది కార్డినల్స్. 2001లో మొదలుపెట్టి ఆ జట్టు కోసం 11 సీజన్లలో 445 హోమ్ రన్‌లు కొట్టారు. మూడుసార్లు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచారు. 2006లోనూ 2011లోనూ వరల్డ్ సిరీస్ గెలిపించారు. 2011 డిసెంబర్‌లో, పదేళ్లకు దాదాపు 24 కోట్ల డాలర్ల ఒప్పందం మీద కాలిఫోర్నియాలోని ఏంజెల్స్ జట్టుకు వెళ్లిపోయారు. ఆ వార్త విన్న రోజు మిస్సోరీలోని నా స్నేహితులు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నట్టు మాట్లాడారు. అక్కడ ఆయన కాళ్లు దెబ్బతిన్నాయి, ఆట నెమ్మదించింది. 2021 మేలో ఆ జట్టు ఆయనను వదిలేసింది. 2022 మార్చి చివర, ఏడాదికి 25 లక్షల డాలర్ల ఒప్పందంతో, ఇదే తన చివరి సీజన్ అని ప్రకటించి ఆయన సెయింట్ లూయిస్‌కు తిరిగి వచ్చారు. ఆయన వెళ్లిన నాటి నుంచి కార్డినల్స్ ఆయన 5వ నంబరు చొక్కాను మరొకరికి ఇవ్వలేదు.

శనివారం రాత్రికి ఊరు చేరి, ఆదివారం ఉదయం బాల్విన్‌లోని హిందూ దేవాలయంలో వేంకటేశ్వర స్వామి దర్శనం చేసుకున్నాము. చదువుకునే రోజులలో పండుగలకు రోలా నుంచి నలుగురం ఒక కారులో ఇరుక్కుని ఇక్కడికే వచ్చేవాళ్లం. అక్కడి నుంచి నేరుగా బుష్ స్టేడియానికి వెళ్లాము. దాని చిరునామా 700 క్లార్క్ అవెన్యూ. అప్పటికి 694 హోమ్ రన్‌లు కొట్టి ఉన్న మనిషి కోసం వెళ్తున్న నాకు ఆ 700 అంకె ఒక శుభశకునంలా తోచింది. ఊరంతా ఎర్ర చొక్కాలే. మైదానం అంచుకు అవతల, భవనాల వెనుక 630 అడుగుల గేట్‌వే ఆర్చ్ వెండి విల్లులా నిలబడి ఉంది. ఎదుటి జట్టు షికాగో కబ్స్, అంటే మా అబ్బాయి అభిమాన జట్టు. రెండు వారాల కిందట షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో పుహోల్స్ ఒక్క హోమ్ రన్‌తో తన జట్టును 1-0తో ఓడించడం వాడు మరిచిపోలేదు. నీలం టోపీ పెట్టుకుని, ఆ ఎరుపు మధ్య పట్టుదలగా కూర్చున్నాడు.

తెర మీద ఆటగాళ్ల పేర్లు వచ్చాయి. తొమ్మిది పేర్లలో పుహోల్స్ పేరు లేదు.

నాకు కలిగిన నిరాశ సామాన్యమైనది కాదు. అయితే కారణం నాకు తెలుసు. కుడిచేతితో బ్యాటింగ్ చేసేవారికి ఎడమచేతితో విసిరే పిచర్ చేతిలోంచి బంతి బయలుదేరే తీరు మొదటి నుంచీ స్పష్టంగా కనబడుతుంది, కుడిచేతి పిచర్‌ను ఎదుర్కోవడం దానికంటే కష్టం. వయసు పెరిగి బ్యాటు వేగం తగ్గినవారికి ఈ తేడా ఇంకా పెద్దది. అందువల్ల 42 ఏళ్ల పుహోల్స్‌ను ఆ సంవత్సరం ఎక్కువగా ఎడమచేతి పిచర్లున్నప్పుడే ఆడించారు. ఆ రోజు కబ్స్ తరఫున మొదట బంతి విసురుతున్న మార్కస్ స్ట్రోమన్ కుడిచేతివాటం మనిషి.

ఈ సంగతిని అంతకు ముందు నేను లెక్కగానే ఎరుగుదును. ఏడు ఇన్నింగ్స్‌ల పాటు, ఆటగాళ్లు కూర్చునే ఆ డగౌట్ వైపు చూస్తూ కూర్చున్న తరువాతనే దాని బరువు నాకు తెలిసింది. ఒకప్పుడు జట్టంతా తన చుట్టూ తిరిగిన మైదానంలో, ఊరంతా తన నంబరు చొక్కా వేసుకుని వచ్చిన రోజున, పిలుపు వస్తే వస్తుంది, లేకపోతే లేదు అన్న స్థానాన్ని ఒప్పుకుని కూర్చోవడానికి ఎంత మనస్సు ఉండాలి! జూలై సగానికి ఆయన హోమ్ రన్‌లు ఆరు మాత్రమే. వచ్చి తప్పు చేశాడని అన్నవారూ ఉన్నారు. ఆయన మాత్రం తనకు ఇచ్చినంత పనినే చేస్తూ, చిన్నవాళ్లకు చెప్పవలసింది చెబుతూ ఉండిపోయారు. ఆగస్టు వచ్చేసరికి బ్యాటు మేలుకుంది, ఆ ఒక్క నెలలోనే ఎనిమిది కొట్టారు.

కార్డినల్స్ పిచర్ మైల్స్ మికోలస్ ఎనిమిది ఇన్నింగ్స్‌లు వేసి కబ్స్‌కు ఒక్క పరుగు ఇవ్వలేదు, స్ట్రోమన్ కూడా ఏడు ఇన్నింగ్స్‌లు అలాగే వేశాడు. మా అబ్బాయికి అక్కడే కొన్న స్కోరు కార్డు ఇచ్చి, రోలాలో నేను నేర్చుకున్న గుర్తులన్నీ వాడికి నేర్పుతూ కాలం గడిపాను. వాడు కబ్స్ పేజీని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు, కార్డినల్స్ పేజీని నాకు వదిలేశాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కబ్స్ తరఫున ఎడమచేతి పిచర్ బ్రాండన్ హ్యూస్ వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా ముందు వరుసలోని వారు ఒక్కసారిగా లేచారు. డగౌట్ మెట్ల మీద 5వ నంబరు కనిపించింది. ఆయన పించ్ హిట్టర్‌గా, అంటే మరొకరి స్థానంలో, వస్తున్నారు. నలభై వేలకు పైగా జనం నిలబడి చేస్తున్న ఆ శబ్దంలో నా మాట నాకే వినబడలేదు. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. బ్యాటు తగిలిన చప్పుడులోనే సంగతి తెలిసిపోయింది. బంతి ఎడమ వైపు ప్రేక్షకులలోకి వెళ్లిపడింది. రెండు పరుగులు, 695వ హోమ్ రన్. ఆయన పరుగెత్తిన తీరు నెమ్మదిగా, కాళ్లు చూసుకుంటున్నట్టుగా ఉంది. ఆ నాలుగు బేస్‌లూ చుట్టివచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్ తరువాత స్కోరు 2-0గానే ముగిసింది.

మా అబ్బాయి నిలబడ్డాడా లేదా అని నేను చూడలేదు. జనం కాస్త కూర్చున్నాక వాడు నా చేతిలోని కార్డును తన వైపుకు లాక్కున్నాడు.

"నాన్నా, ఈయన పేరు ఎక్కడ రాయాలి? తొమ్మిది గళ్లూ నిండిపోయాయిగా."

ఎవరి స్థానంలో వచ్చారో ఆ పేరు కింద ఇరుకుగా ఒక గీత ఉంటుందని చూపించాను. నీలం టోపీ కళ్ల మీదికి జారుతుంటే వెనక్కి నెట్టుకుంటూ, ఆ సన్నని గీత మీద, వాడు 'పుహోల్స్, 5' అని నెమ్మదిగా రాశాడు. సెప్టెంబర్ 23 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో పుహోల్స్ 700వ హోమ్ రన్ కొట్టినప్పుడు మేము నేపర్‌విల్‌లో టీవీ ముందు ఉన్నాము. అప్పుడు వాడు లేచి లోపలికి వెళ్లి, ఎవరూ అడగకుండానే ఆ కార్డు తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.