లడ్డూ గాడు, వాడి గిన్నె, మా అమ్మ

లాబ్రడార్ కుక్క అయితే రాయి వేసినా తింటుందన్నారు అందరూ. మా లడ్డూ గాడు మాత్రం పోయిన ఎండాకాలం ఒకరోజు గిన్నె వాసన చూసి, నా మొహం చూసి, వెళ్లి ఫ్రిజ్ ముందు పడుకున్నాడు. మర్నాడూ అంతే. తిండి మానేస్తే మన దగ్గర ముందు భయపడేది టిక్ ఫీవర్‌కే (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం) కాబట్టి, టెన్షన్ పడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాం. అంతా బాగుంది. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, డ్రై ఫుడ్, అంటే కుక్కల కోసం అమ్మే ఎండు గింజల తిండి, ఎక్కడ పెడుతున్నారని.

పది కిలోల బస్తా కొంటే చవకని కొని, విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోసి బాల్కనీలో పెట్టాను. ఇంటికొచ్చి మూత తీసి వాసన చూస్తే బజ్జీల బండి మీద నాలుగు రోజులు మరిగిన నూనె కంపు. ఆ గింజల మీద కొవ్వు పూత ఉంటుంది కదా, గాలికీ వేడికీ అదే పాడయ్యేది. పాపం వాడు చెప్తూనే ఉన్నాడు, నేనే వినలేదు. ఇప్పుడు మూడు కిలోల ప్యాకెట్టే కొంటున్నాను, ప్యాకెట్ మడిచి క్లిప్ పెట్టి అలాగే డబ్బాలో దింపేస్తాను.

అయినా వాడి అలక పూర్తిగా తీరలేదు. అదే సమయంలో మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. "ఆ ఎండు గింజలు నువ్వు తింటావేమే?" అని నన్ను కడిగేసి, నేను స్నానానికి వెళ్లినప్పుడు కోడికూర పులుసు రెండు గరిటెలు పోసేసింది. గిన్నె అద్దంలా నాకేశాడు. ఆ పులుసులో ఉల్లిపాయా వెల్లుల్లీ ఉన్నాయి, అవి కుక్కల రక్తంలో ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికించినా పొడి చేసినా ఆ గుణం పోదు. పైగా తిన్న కొన్ని రోజులకి గానీ బయటపడకపోవచ్చు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే నీరసంగా ఉన్నాడేమో, మూత్రం రంగు మారుతోందేమో చూడమన్నారు. అయిదు రోజులు అమ్మా నేనూ వంతులేసుకుని వాడి వెనక తిరిగి, కాలెత్తిన ప్రతి చెట్టు దగ్గరా వంగి చూశాం (వాచ్‌మన్ ఏమనుకున్నాడో!). ఏమీ కాలేదు, బతికిపోయాం.

తర్వాత దారి చూపించింది కూడా అమ్మే. ఆదివారం చికెన్ తేగానే, ఉప్పూ కారం పడకముందే నాలుగు బోన్‌లెస్ ముక్కలు పక్కకి తీసి, ఉత్త నీళ్లలో ఉడికిస్తుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లగా కొవ్వు గడ్డకడుతుంది, దాన్ని తీసేసి నీళ్లు ఐస్ ట్రేలో పోస్తాం. పూటకి రెండు ఐస్ ముక్కలు గోరువెచ్చని నీళ్లలో కరిగించి గింజల మీద పోసి పది నిమిషాలు ఆగితే చాలు, వేడికి వాసన లేస్తుంది, వాడికి రుచి కంటే ముందు వాసనే ముఖ్యం. చికెన్ లేని రోజు వట్టి గోరువెచ్చని నీళ్లు పోసినా సగం పని అయిపోతోంది! తడిపింది మాత్రం అరగంటకి మించి ఉంచను, ఈ ఎండల్లో పులిసిపోతుంది.

ఉడికించిన తీపి గుమ్మడికాయ గుజ్జు, ఉడికిన గుడ్డు, చెంచాడు పెరుగు కూడా మార్చి మార్చి వేస్తాను. లెక్క మాత్రం ఉంది. రోజు తిండిలో పైన వేసేవన్నీ కలిపి పదో వంతు కేలరీలు దాటకూడదంటారు. మావాడికి రోజుకి సుమారు వెయ్యి, అంటే పైవాటికి వంద, అందులో ఒక్క గుడ్డే 70 దాకా మింగేస్తుంది. ఆ మేరకు గింజలు తగ్గించాలి, లేకపోతే లాబ్రడార్ కాస్తా పరుపవుతుంది. ఎండు నెత్తళ్లకి ప్రాణం పెడతాడు గానీ అంత ఉప్పు వద్దని మానేశాం. ఉడికిన ఎముకలు అసలే వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఉడికిన చికెన్ ముక్కలుగా వేస్తే మాత్రం మోసపోతారు. మావాడు చికెన్ ఏరుకుని తిని, గింజలు ఒక్కొక్కటీ నోటితో తీసి గచ్చు మీద వరసగా పెట్టాడు, అప్పడాలు ఎండబెట్టినట్టు. అప్పట్నుంచీ పీచుల్లా చిదిమి కలిపేస్తున్నాను. ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేస్తాను.

అమ్మ ఊరెళ్లిపోయింది. రోజూ రాత్రి వీడియో కాల్ చేసి, నేను తిన్నానో లేదో అడక్కుండా ఫోన్ గిన్నె వైపు తిప్పమంటుంది.