బద్ధకమా, డోపమినా?

మా అమ్మాయి తీసిన ఒక వీడియోలో నేను నడిచి వస్తుంటాను. కుడి చెయ్యి మామూలుగానే ఊగుతోంది. ఎడమ చెయ్యి మాత్రం ఒంటికి కుట్టేసినట్టు కదలకుండా ఉంది. అప్పుడు నాకు యాభై రెండేళ్లు. ఇంట్లో అందరం ఆ వీడియో చూశాం. ఆ చెయ్యి ఎవరి కంటా పడలేదు.

అప్పటికే ఎడమ భుజం పట్టేసి ఆరు నెలలైంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, వ్యాయామాలు చెప్పారు, చేశాను. రాత్రిళ్లు కలలో కేకలేస్తూ కాళ్లు విసురుతున్నానని మా ఆవిడ వేరే మంచం వేసుకుంది. సబ్బు వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. భుజానికీ, కలకీ, ముక్కుకీ చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు?

వీటన్నిటికంటే నన్ను కుంగదీసింది వేరే ఉంది. ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాకపోవడం. లేచి స్నానం చెయ్యాలనుకుంటాను, లేవను. దిగులా అంటే ఏడుపేమీ రాదు. ఒక ఫోన్ చెయ్యడానికి మూడు రోజులు పట్టేది. "మీకీ మధ్య బద్ధకం బాగా ఎక్కువైందండీ" అంది మా ఆవిడ. నిజమేననుకున్నాను, లోలోపల సిగ్గుపడ్డాను కూడా.

ఒకరోజు నేను రాసిన కాగితం పట్టుకుని అమ్మాయి అడిగింది, "నాన్నా, మొదటి లైను బాగానే ఉంది, చివరికొచ్చేసరికి చీమలు పాకినట్టుందేంటి?" ఆ చీమలే మమ్మల్ని న్యూరాలజిస్టు దగ్గరికి నడిపించాయి.

ఆయన నా బొటనవేలినీ చూపుడువేలినీ టకటకా తాటించమన్నారు. కుడి చెయ్యి బాగానే చేసింది. ఎడమ చెయ్యి నాలుగైదు సార్లకే చిన్నదైపోతూ, పదోసారికి ఆగిపోయింది. నేను ఆపలేదు, దానంతట అదే ఆగింది. పార్కిన్సన్స్ అన్నారు. "నాకు వణుకు లేదుగా డాక్టర్‌గారూ?" అన్నాను, కేసు గెలిచినవాడిలా. వణుకు లేకుండా కూడా వస్తుందట.

ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. మెదడు అడుగుభాగంలో నల్లగా కనిపించే చిన్న పట్టీ ఉంటుంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, స్ట్రయాటమ్ అనే చోట వదులుతాయి. ఈ డోపమిన్ నేరుగా కండరాన్ని కదపదు. అక్కడ కదలికను వదిలే దారొకటి, బిగబట్టే దారొకటి ఉంటాయి. డోపమిన్ మొదటిదానికి ఊతమిస్తుంది, రెండోదాన్ని అణచిపెడుతుంది. అది తగ్గేకొద్దీ బ్రేకు మీద కాలు పెట్టి బండి నడిపినట్టే. చేతిలో బలం ఉంటుంది, కానీ పని మొదలవదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు? కణాలు కొన్ని పోగానే మిగిలినవి ఎక్కువ డోపమిన్ వదలడం మొదలుపెడతాయట. దాన్ని అందుకునే కణాలు కూడా కొంచానికే స్పందించేలా చెవులు రిక్కిస్తాయి. అలా సర్దుకుంటూ పోయి, కదలికల్లో తేడా బయటపడేసరికి దాదాపు సగం కణాలు పోయి ఉంటాయి. నా ఒంట్లో ఏళ్ల తరబడి ఇంత గుట్టు నడిచిందన్నమాట.

నా బద్ధకం గురించి కూడా అడిగాను, కాస్త మొహమాటంగానే. ఒక పని మీద మనసు పోవడానికి, దానికోసం లేవడానికి కూడా డోపమిన్ కావాలన్నారు. పైగా ఈ జబ్బులో నోరాడ్రినలిన్, సెరటోనిన్ అనే మరో రెండు మెదడు రసాయనాలు కూడా దెబ్బతింటాయట. మా ఆవిడ పక్కనే కూర్చుని వింది. ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

డోపమిన్‌నే మాత్రగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి వెళ్లలేదు. నాకు రాసిచ్చిన లెవోడోపా అనే మందు వెళ్లగలదు, లోపలికి వెళ్లాక డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోయి వికారం పుట్టించకుండా కార్బిడోపా అనే ఇంకో మందు కలుపుతారు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్, మందుతో కదల్లేకుండా చేసిన కుందేళ్లకు ఈ డోపా ఇస్తే అవి లేచి తిరిగాయి. ఆయనకు నోబెల్ రావడానికి 2000 దాకా పట్టింది.

నేనూ ఆ కుందేలు లాగే లేస్తానని ఆశపడ్డాను. మొదటి వారం వికారం తప్ప ఏమీ లేదు. మూడో వారంలో ఒక పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోవడం అయిపోయాక గానీ, పెట్టుకున్నానన్న సంగతి గమనించలేదు. వెంటనే అనుమానం. 2001లో కెనడా పరిశోధకులు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఉత్తుత్తి మందిచ్చినా, బాగవుతుందన్న ఆశకే మెదడులో డోపమిన్ విడుదలైందని చూపించారు. నాదీ అంతేనేమో! డాక్టరుగారికి చెబితే నవ్వి, "ఆశని కూడా మాత్రతో పాటే వేసుకోండి" అన్నారు.

జబ్బు నయం కాలేదు, కణాలు పోవడాన్ని ఈ మాత్ర ఆపదు కూడా. మూడేళ్లయింది. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో పాటు వేసుకుంటే దాని ప్రభావం తగ్గిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకే దారిలో తోసుకుంటూ లోపలికి వెళ్లాలి. అందుకని ఖాళీ కడుపున వేసుకుంటాను. రోజూ ఆయాసం వచ్చేంత జోరుగా నడుస్తాను. రాత ఇంకా చిన్నగానే ఉంటుంది కానీ చదవగలరు.

నేను కుర్చీలోంచి లేవకపోతే మా ఆవిడ ఇప్పుడు, "ఇది డోపమినా, బద్ధకమా?" అని అడుగుతుంది. గడియారం చూసి జవాబు చెబుతాను. మాత్ర వేసుకుని గంటే అయితే, అది అచ్చంగా నా బద్ధకమే.