ఎర్రమట్టిలో మడమ గుర్తులు

శనివారం. పొద్దున తొమ్మిదో తరగతిలో ఘర్షణ పాఠం. "ఘర్షణ అంటే ఏమిటి?" అని అడగ్గానే క్లాసంతా ఒకే గొంతుతో "చలనాన్ని వ్యతిరేకించే బలం" అన్నారు. అప్పజెప్పడానికి సులువైన జవాబు. నాకు మాత్రం దాంతో ఎప్పుడూ తృప్తి కలగదు. ఘర్షణ అడ్డుపడడానికే ఉంటే మనిషి అడుగు తీసి అడుగు వేయలేడు. వానాకాలంలో తడిసిన పొలం గట్టు మీద కాలు వెనక్కి జారి బోర్లా పడ్డ పిల్లలే వీళ్లంతా. అక్కడ ఘర్షణ చాలకే పడ్డామని ఎవరికీ తట్టదు. కాలు వెనక్కి జారబోతుంటే దాన్ని జారనివ్వకుండా నేల ముందుకు తోస్తుంది. అలా తోసేది కూడా ఘర్షణే. ఇది చెప్పేలోపే బెల్లు కొట్టేశారు.

ఆఖరి పీరియడ్ గేమ్స్. మండల పోటీలు దగ్గర పడ్డాయి కదా, పీఈటీ మాస్టారు పరుగు పిల్లల్ని వదలడం లేదు. సున్నంతో లైన్లు వేయించి, ప్రతి ఇరవై మీటర్లకీ ఒక కర్ర పాతించారు. నన్ను చూసి, "మేడం, మీ ఫోన్‌లో స్లో మోషన్ వస్తుందా? కాస్త వీడియో తీసి పెట్టండి" అన్నారు. పరీక్ష పేపర్ల కట్ట బల్ల మీద పడేసి వెళ్లాను.

నా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉంది. చెప్పుల్లేకుండా పరిగెడుతుంది. అరవై మీటర్ల దాకా దాన్ని పట్టుకునేవాళ్లు లేరు. ఆ తర్వాత పక్క లైన్లో పిల్ల వచ్చి దాటేస్తుంది, ప్రతిసారీ అంతే. ఆయాసపడుతూ నా దగ్గరికొచ్చి, "చూశారా మేడం, ఆఖర్లో అది స్పీడ్ పెంచేస్తోంది, నావల్ల కావట్లేదు" అంది. కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ.

వీడియో వేసి కర్ర నుంచి కర్రకి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ చూపించాను. పక్క పిల్ల స్పీడ్ ఏమీ పెంచలేదు. ఆఖరి ఇరవై మీటర్లలో ఆ పిల్లా నెమ్మదించింది, కాకపోతే మనమ్మాయి కంటే తక్కువగా. అలా చెప్తే ఇద్దరూ నమ్మలేదు. అప్పుడు ఉసేన్ బోల్ట్ లెక్క తీశాను.

2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. ఆ ప్రపంచ రికార్డు ఇంకా అలాగే ఉంది. మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది. తర్వాతి ఇరవైలకు వరసగా 1.75, 1.67, 1.61, చివరిదానికి 1.66. అరవై నుంచి ఎనభై మధ్య సెకనుకు 12.4 మీటర్ల వడి, అంటే గంటకు దాదాపు 45 కిలోమీటర్లు. చివరి ఇరవైలో అది 12 దగ్గరికి దిగింది. ప్రపంచంలో అందరికంటే వేగంగా పరిగెత్తిన మనిషి కూడా గీత దాటేటప్పటికి నెమ్మదిస్తూనే ఉన్నాడు. "అంటే బోల్ట్‌కి కూడా మేడం?" అని ఆ అమ్మాయి అడిగిన తీరు చూస్తే ముద్దొచ్చింది.

మొదటి ఇరవై మీటర్ల మీద నాకు ఇంకా మమకారం. 2.89లో తుపాకీ చప్పుడు విని కదలడానికే 0.146 సెకను పోయింది. మిగిలిన 2.74 సెకన్లలో త్వరణం, అంటే వడి పెరిగే రేటు, ఒకేలా ఉందనుకుని లెక్క కడితే ప్రతి సెకనుకూ వడి సెకనుకు 5.3 మీటర్ల చొప్పున పెరిగినట్టు వస్తుంది. నిజానికి మొదటి అడుగుల్లో ఎక్కువ, తర్వాత తగ్గుతుంది, కానీ సగటున అర్థం కావడానికి ఇది చాలు. సుమారు 94 కిలోల మనిషికి ఆ త్వరణం రావాలంటే 500 న్యూటన్ల బలం కావాలి. తన బరువులో సగానికి మించిన బలం, అదీ అడ్డంగా, ముందుకు. ఆ బలం ఇచ్చింది ఎవరు? బోల్ట్ కండలు నేలను వెనక్కి తోశాయి, నేల అతన్ని ముందుకు తోసింది. జారకుండా పట్టుకున్నది పొద్దున పిల్లలు 'వ్యతిరేకించే బలం' అని అప్పజెప్పిన ఆ ఘర్షణే.

మాస్టారికి ఈ లెక్కలతో పనిలేదు కానీ ఆయన చూపించినది నా లెక్కల కంటే గొప్పగా ఉంది. మమ్మల్ని పిలిచి స్టార్టింగ్ లైన్ దగ్గర నేల చూపించారు. ఎర్రమట్టిలో కాలివేళ్ల గుంట లోతుగా ఉంది. గుంట వెనక అంచున మట్టి చిన్న గట్టులా పేరుకుంది, కొంత వెనక్కి ఎగిరిపడింది. తర్వాత ఆఖరి కర్ర దాకా నడిపించి అక్కడి గుర్తులు చూడమన్నారు. అక్కడ వేళ్ల గుంటలు కావు, మడమ గుర్తులు. మట్టి పేరుకున్నది ముందు వైపు.

నేను అక్కడే గొంతుక్కూర్చుండిపోయాను. బలం ఏ దిక్కుకి పనిచేసిందో నేల మీద రాసిపెట్టినట్టే ఉంది. అలసిపోయిన అమ్మాయి, పక్కపిల్ల దాటేస్తోందన్న టెన్షన్‌లో, అంగలు పెద్దవి చేద్దామని కాలు బాగా ముందుకు చాస్తోంది. పాదం నడుముకి మరీ ముందు పడుతోంది. అప్పుడు పాదం నేలను ముందుకు నెడుతుంది, నేల దాన్ని వెనక్కి నెడుతుంది. ప్రతి అడుగూ ఒక బ్రేకే. ఎంత బాగా పరిగెత్తేవాళ్లకైనా అడుగు మొదట్లో కొంచెం బ్రేకు, చివర్లో తోపు, రెండూ ఉంటాయి. తోపు ఎక్కువైతే వడి పెరుగుతుంది, బ్రేకు ఎక్కువైతే తగ్గుతుంది. పైగా మంచి వడిలో ఉన్నప్పుడు పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో ఎంత గట్టిగా తొక్కారన్నదే లెక్క.

మా విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి పిల్లలందరికీ తెలుసు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల హర్డిల్స్‌లో 13.09 సెకన్లకు బంగారం తెచ్చింది. పది హర్డిల్స్ దాటి పదిసార్లు నేల మీదికి దిగాలి. దిగిన ప్రతిసారీ కాలు మరీ ముందు పడితే అక్కడికక్కడే వడి తెగిపోతుంది. హర్డిల్స్ అంటే ఎగరడం అనుకుంటాం. నాకైతే దిగడంలోనే ఆ అమ్మాయి గొప్పతనం కనిపిస్తుంది.

ఇక మాస్టారు తన పద్ధతిలో చెప్పారు. "కాలు ముందుకు చాచకమ్మా. కింద తొక్కు, నీ కిందనే తొక్కు. భుజాలు వదులు చెయ్యి. గీత దగ్గర ఛాతీ ముందుకి వంచు." ఆ చివరి మాట ఊరికే అన్నది కాదు. గీత దాటినట్టు లెక్కించేది ఛాతీతో, చేతులతోనో కాళ్లతోనో కాదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పీటీ ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించింది. కంచు పతకం పట్టుకెళ్లిన రొమేనియా అమ్మాయిది 55.41. సగటు వడి సెకనుకు 7.2 మీటర్లు కాబట్టి ఆ సెకనులో నూరో వంతు తేడా దూరంలో చూస్తే ఏడు సెంటీమీటర్లు. ఆ సంఖ్య చెప్పేటప్పుడు ఇన్నేళ్లయినా నా గొంతు కొంచెం తడబడుతుంది. ఏడు సెంటీమీటర్లంటే ఎంతో మాస్టారు రెండు వేళ్లు చాపి చూపించారు. పిల్లలెవరూ మాట్లాడలేదు.

మళ్లీ పరిగెత్తించారు. ఈసారీ మనమ్మాయి రెండోదే. కానీ ఆఖరి కర్ర దగ్గరికి పరిగెత్తుకెళ్లి ముందు నేల చూసుకుంది. మడమ గుర్తులు పూర్తిగా పోలేదు, తగ్గాయి. మధ్యలో రెండు మూడు చోట్ల వేళ్ల గుంటలు, వాటి వెనక మట్టి. "మేడం, ఇది తోపు, ఇది బ్రేకు" అని పక్కపిల్లకి కూడా చూపించేస్తోంది. పోటీలో తనని ఓడించబోయే పిల్లకే.

సోమవారం క్లాసులో బోల్ట్ ఐదు ముక్కలూ బోర్డు మీద వేసి దూరానికీ కాలానికీ గ్రాఫ్ గీయించాలి. గీత ఎక్కడ నిటారుగా లేస్తోందో, ఎక్కడ వాలు తగ్గుతోందో వాళ్లే వేలు పెట్టి చూపించాలి. ఆ తర్వాత ఘర్షణ ప్రశ్న మళ్లీ అడుగుతాను. గ్రాఫ్ పేపర్లు స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి, లేకపోతే రేపు బజారుకెళ్లినప్పుడు కొనాలి.